హైడెగర్ గారి సుత్తి

ముందే చెప్పేస్తున్నాను, ఇది నిజంగా సుత్తి గురించే. జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' (1982) వచ్చినప్పటి నుంచీ మనవాళ్ళకి ఆ మాట వినగానే వీరభద్రరావు గారూ, వేలు గారూ గుర్తొస్తారు గానీ, నేను చెప్పబోయేది మేకులు కొట్టే సుత్తి. 1927లో ఒక జర్మన్ తత్వవేత్త ఆ సుత్తి గురించి రాసిన కొన్ని పేజీలు, ఓ అరవై ఏళ్ళ తర్వాత కంప్యూటర్లవాళ్ళ చేతికి ఎలా వచ్చాయి, వచ్చి ఏం చేసాయి అన్నదే కథ. కానీ అక్కడికి వెళ్ళేముందు ఒక ఆస్పత్రి కౌంటరు దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే అక్కడ జరిగినదానికి కారణం నేనే.

కిందటేడు మా టీము ఒక ఆస్పత్రికి రిజిస్ట్రేషను, బిల్లింగు సాఫ్ట్‌వేరు చేసింది. కృష్ణా జిల్లాలో, సముద్రానికి మరీ దూరం కాని ఊరు. పేర్లొద్దులెండి. పెట్టిన మూడు నెలలకి రిపోర్టుల్లో ఒక వింత బయటపడింది. రోజూ అయ్యే రిజిస్ట్రేషన్లలో బోలెడన్ని 'క్యాన్సిల్' అయిపోతున్నాయి. అవన్నీ ఒకే కౌంటర్లో, ఒకావిడ లాగిన్ నుంచే. డబ్బు తీసుకుని, క్యాన్సిల్ కొట్టి, సొమ్ము పక్కన పెట్టుకుంటోందేమోనని యాజమాన్యానికి అనుమానం. "లాగ్స్ తీసి పంపండి" అన్నారు. లాగ్స్ పంపడం అయిదు నిమిషాల పని. మా మేనేజరు మాత్రం ఎందుకో "ఒకసారి వెళ్ళి చూసిరా, తర్వాత పంపుదాం" అన్నాడు.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నేనెందుకొచ్చానో ఆవిడకి చెప్పలేదు. "కూర్చో బాబూ" అని స్టూలు జరిపింది. ఓ ముసలావిడ వచ్చింది, కూడా ఎవరూ లేరు. పుట్టిన తేదీ గడి పక్కన ఎర్ర చుక్క, అంటే నింపకపోతే ముందుకి కదలదు. "పుట్టిన తారీఖేంటి పెద్దమ్మా?" అంటే ఆవిడ నవ్వి, "ఉప్పెనొచ్చిన ఏడు మా పెద్దాడు కడుపులో ఉన్నాడమ్మా" అంది. 1977 నవంబరు, దివిసీమ ఉప్పెన. కౌంటరావిడ వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని 01-01-1957 అని కొట్టేసింది. (తర్వాత చూసాను. మా డేటాబేసు ప్రకారం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది జనవరి ఒకటో తారీఖునే పుట్టారు.)

అసలు సంగతి ఆ తర్వాత. "డబ్బులు మావాడు సాయంత్రం తెస్తాడమ్మా" అంది పెద్దావిడ. మా స్క్రీను మీద రెండే బటన్లు. 'పెయిడ్', 'క్యాన్సిల్'. ఏదో ఒకటి నొక్కితేగాని తర్వాతి మనిషి స్క్రీను తెరుచుకోదు. వెనకాల ఇరవై మంది లైన్లో ఉన్నారు. ఆవిడ పక్కనే ఉన్న పొడుగాటి పుస్తకంలో పేరు, ఊరు, 'సా. కొడుకు' అని రాసుకుంది, ఓ తెల్లకాయితం మీద చీటీ రాసిచ్చి పెద్దావిణ్ణి డాక్టరు గదికి పంపింది, క్యాన్సిల్ నొక్కింది. సాయంత్రం కొడుకొచ్చి డబ్బు కట్టాక మళ్ళీ కొత్తగా రిజిస్టరు చేస్తుంది. పుస్తకంలో ఆ వరసకి అడ్డగీత.

అంటే ఆ క్యాన్సిల్ లెక్క ఆవిడ నమ్మి పంపిన మనుషుల లెక్క. దాన్నే మా సాఫ్ట్‌వేరు దొంగతనంలా చూపించింది. ఆ రెండు బటన్లు పెట్టింది నేను. స్పెసిఫికేషన్లో అలాగే ఉంది అని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. తిరుగు బస్సులో మాత్రం నిద్ర పట్టలేదు. ఎప్పుడో ఒక సీనియర్ ఇస్తే సగం చదివి అటకెక్కించిన పుస్తకం గుర్తొచ్చింది. టెరీ వినోగ్రాడ్, ఫెర్నాండో ఫ్లోరెస్ కలిసి రాసిన 'అండర్‌స్టాండింగ్ కంప్యూటర్స్ అండ్ కాగ్నిషన్', 1986. ఇంటికెళ్ళి దించి చదివాను. ఈ కథలో చాలా భాగం ఆ పుస్తకం చుట్టూ తిరిగేదే.

మన ఇంజనీరింగు చదువుల్లో 'ఆబ్జెక్ట్' అంటే ఏంటో అందరం బట్టీ పట్టినవాళ్ళమే. "ఆబ్జెక్ట్ ఈజ్ యాన్ ఇన్‌స్టెన్స్ ఆఫ్ ఎ క్లాస్". క్యాంపస్ ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పి ఉద్యోగాలు తెచ్చుకున్నాం. ఆ మాట వెనక తత్వశాస్త్రం ఉందని మాకెవరూ చెప్పలేదు. ఉంది. ఆలన్ కే అనే ఆయన లెక్కలు, మాలిక్యులర్ బయాలజీ చదివి 1966లో యూటా యూనివర్సిటీకి వెళ్ళాడు. ఇవాన్ సదర్లాండ్ 1963లో చేసిన 'స్కెచ్‌ప్యాడ్' థీసిస్ చేతికిచ్చి చదవమన్నారు. ఇంకో పక్క బల్ల మీద ఆల్గాల్ టేపు ఒకటి ఉంది, పని చెయ్యట్లేదు, బాగుచెయ్యమన్నారు. తీరా చూస్తే అది ఆల్గాల్ కాదు, నార్వేలో డాల్, నైగార్డ్ తయారుచేసిన 'సిమ్యులా'. ఆ రెండూ కలిసి ఆయన బుర్రలో ఏదో వెలిగించాయి. కణాల్లాగా ఎవరి లోపలి సంగతులు వాళ్ళు దాచుకుని, ఒకరికొకరు కబుర్లు పంపుకునే చిన్న చిన్న కంప్యూటర్లుగా ప్రోగ్రాముని ఊహించుకున్నాడు. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో చేసిన 'స్మాల్‌టాక్' అలా పుట్టింది. తన ఆబ్జెక్టులకి లైబ్నిజ్ చెప్పిన మొనాడ్లతో చాలా పోలిక ఉందని 1993లో స్మాల్‌టాక్ చరిత్ర రాస్తూ ఆయనే అన్నాడు.

లైబ్నిజ్ ప్రకారం మొనాడ్లకి కిటికీలు ఉండవు, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడదు. స్మాల్‌టాక్ ఆబ్జెక్టులేమో రోజంతా ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూనే ఉంటాయి. పైగా ఒకదాని మీద ఒకటి పరుచుకునే కిటికీల తెరని జనానికి చూపించినవాళ్ళు స్మాల్‌టాక్ గుంపే! తత్వవేత్త దగ్గర అప్పు తెచ్చుకునేటప్పుడు కే గారు అసలు వదిలి వడ్డీ తెచ్చుకున్నాడన్నమాట. నాకందులో తప్పేం కనపడదు. అప్పు పని చేసింది కదా.

(మన దగ్గర లేదా అంటారని తెలుసు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ద్రవ్యం, గుణం, కర్మ అంటూ ఏడు పదార్థాలు చెప్పి, ఏడోది 'అభావం' అని, లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కేసారు వాళ్ళు. రోజూ 'నల్' తో కుస్తీ పట్టే నాలాంటివాళ్ళకి గుండె పొంగుతుంది. కానీ జావాకీ దానికీ చుట్టరికం ఏమీ లేదు. ఉన్నట్టు చెబితే అన్నంభట్టుకీ అన్యాయమే.)

లైబ్నిజ్ దగ్గరనుంచి వచ్చినా, డాల్, నైగార్డ్ దగ్గరనుంచి వచ్చినా, మా చేతికొచ్చేసరికి ఆబ్జెక్ట్ అంటే గుణాల జాబితా అయిపోయింది. పేషెంటు అనే క్లాసు, అందులో పేరు, పుట్టిన తేదీ, స్టేటస్. ప్రపంచంలో ఉన్న వస్తువుల్ని ఇలా జాబితాలుగా రాసుకుంటూపోతే ప్రపంచం కంప్యూటర్లో దిగుతుందని ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని అందరికంటే అందంగా చేసి చూపించినవాడు టెరీ వినోగ్రాడ్. పాతికేళ్ళ లోపు కుర్రాడు, ఎమ్మైటీలో పీహెచ్‌డీ. 1968–70 మధ్య ష్రడ్లు అనే ప్రోగ్రాము రాసాడు. (ఆ పేరుకి అర్థం లేదు. పాత లైనోటైపు మెషీను కీబోర్డులో అక్షరాలు ఎక్కువ వాడకం ఉన్న వరసలో ఉంటాయి, రెండో వరస అక్షరాలే ఆ పేరు.) ష్రడ్లు ప్రపంచంలో ఒక బల్ల, దాని మీద రంగురంగుల దిమ్మలు, పిరమిడ్లు, ఒక పెట్టె. అన్నీ తెర మీదే. మామూలు ఇంగ్లీషులో ఫలానా ఎర్ర దిమ్మ ఎత్తమంటే ఎత్తేది, ఎందుకు ఎత్తావంటే కారణం చెప్పేది, ఏ పిరమిడ్డో అర్థం కాకపోతే తిరిగి అడిగేది. చూసినవాళ్ళు డంగైపోయారు. ఇంకొన్నాళ్ళలో ఈ బల్లని గదంత, గదిని ఊరంత చేసేస్తే చాలనుకున్నారు.

అది పెరగలేదు. దిమ్మకి రంగు, కొలత, చోటు చెబితే సరిపోతుంది. దేవుడి పటానికి? అమ్మమ్మ కుర్చీకి? సాయంత్రం కొడుకు తెచ్చే డబ్బుకి? ఎన్ని గుణాలు చేర్చినా ఇంకోటి మిగిలిపోతుంది. వినోగ్రాడ్ 1973లో స్టాన్‌ఫర్డ్‌కి మారాడు, కొన్నేళ్ళు ఇంకా పెద్ద ఎత్తున ప్రయత్నించాడు, మెల్లగా తన పని మీద తనకే నమ్మకం సడలింది. తను గెలిచిన ఆటనే తను అనుమానించడం.. చిన్న విషయం కాదు కదా.

ఇప్పుడు సుత్తి. మార్టిన్ హైడెగర్ 'బీయింగ్ అండ్ టైమ్' 1927లో వచ్చింది. చదవడం మొదలెట్టి మూడుసార్లు ఆపేసాను, నిజం ఒప్పుకోవాలి. హ్యూబర్ట్ డ్రైఫస్ అనే అమెరికన్ ప్రొఫెసర్ వ్యాఖ్యానం పట్టుకుని గట్టెక్కాను. అందులో నాకర్థమైన ముక్క మా ఇంటి భాషలో చెబుతాను. మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ ఫోన్లో పిన్నితో మాట్లాడుతుంది. ఆ టైములో అమ్మకి కత్తిపీట 'కనపడదు'. దాని బరువు, పొడవు, ఇనుమా స్టీలా అన్నవేవీ ఆవిడ మనసులో ఉండవు. కూర ఉంటుంది, పన్నెండింటికి భోజనానికొచ్చే మనుషులుంటారు. సుత్తి కూడా అంతే. మేకు కోసం సుత్తి, చెక్క కోసం మేకు, కప్పు కోసం చెక్క, వానలో తడవకుండా ఉండాల్సిన ఒక మనిషి కోసం కప్పు. ఈ 'కోసం'ల అల్లికే సుత్తిని సుత్తిని చేస్తుంది. చేతిలో ఉండి కంటికి ఆననితనం ఇది.

మరి గుణాల జాబితా ఎప్పుడు కనపడుతుంది? పని ఆగినప్పుడు. దానికి మూడు దారులు చెప్తాడు హైడెగర్. వస్తువు పాడైపోవడం, అంటే కత్తి మొండిబారి వంకాయ దిగదు. వస్తువు లేకపోవడం, అంటే పీట ఎవరో తీసుకెళ్ళారు. మూడోది నాకు బాగా నచ్చింది. వస్తువు బానే ఉంటుంది, కానీ చేస్తున్న పనికి అడ్డంగా ఉంటుంది. దారిలో పెట్టిన కత్తిపీట లాగా. అప్పుడే మనం చేస్తున్న పని వదిలి వస్తువు వైపు తేరిపార చూస్తాం. అంటే క్లాసు రాసుకుంటూ నేను ఆబ్జెక్టుని చూసే చూపు ఉందే, అది ఆగిపోయిన పని ముందు నిలబడ్డవాడి చూపు. పని జరుగుతున్నప్పుడు ఆ వస్తువు అలా ఉండనే ఉండదు.

హైడెగర్ ఎవరో చెప్పకుండా వదిలేస్తే అది దాచడం అవుతుంది. 1933లో ఆయన నాజీ పార్టీలో చేరాడు, ఫ్రైబుర్గ్ యూనివర్సిటీ రెక్టరు అయ్యాడు, ఏడాది తర్వాత రెక్టరు పదవి వదిలాడు గానీ పార్టీ సభ్యత్వం 1945 దాకా ఉంది. సుత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిదో, ఎవరికోసమో ఇంత బాగా ఆలోచించినవాడు తన కాలంలో ఎవరి వైపు నిలబడ్డాడో చూస్తే కడుపులో తిప్పుతుంది. ఆయన ఆలోచనని వాడుకుంటున్నాను, ఆయన్ని నెత్తిన పెట్టుకోవట్లేదు.

ఈ ఆలోచనని కంప్యూటర్లవాళ్ళ దగ్గరికి మోసుకొచ్చింది ఆ డ్రైఫస్సే. 1965లో కృత్రిమ మేధస్సుని రసవాదంతో పోలుస్తూ ర్యాండ్ సంస్థ కోసం ఒక నివేదిక రాసి, అప్పుడాయన పాఠాలు చెప్పే ఎమ్మైటీలోనే కంప్యూటర్లవాళ్ళందరికీ శత్రువయ్యాడు. ఆయనతో కలిసి భోజనం చెయ్యడానికి కూడా వాళ్ళు జంకేవారట. తర్వాత బర్క్‌లీకి వెళ్ళిపోయాడు. తమాషా ఏంటంటే, అదే ఎమ్మైటీ ముద్దుబిడ్డ వినోగ్రాడ్ కాలిఫోర్నియా చేరాక బర్క్‌లీకి వెళ్ళి డ్రైఫస్‌తోనూ, జాన్ సెర్ల్ అనే ఇంకో తత్వవేత్తతోనూ మధ్యాహ్న భోజనాల్లో కూర్చుని వాదించేవాడు. ఓ పెద్ద మార్పు క్యాంటీన్లో మొదలైందంటే నాకు భలే నమ్మకంగా ఉంటుంది.

రెండో రచయిత సంగతి వేరు. ఫెర్నాండో ఫ్లోరెస్ది చిలీ దేశం. 1943లో పుట్టాడు, ఇంజనీరు. అయ్యెందే ప్రభుత్వం పరిశ్రమల్ని జాతీయం చేసినప్పుడు వాటిని నడిపే సంస్థలో పెద్ద పదవిలో ఉన్నాడు, ముప్ఫై కూడా నిండలేదు. ఇన్ని ఫ్యాక్టరీల్ని ఎలా నడపాలో తెలీక 1971లో స్టాఫర్డ్ బీర్ అనే ఇంగ్లీషు సైబర్నెటిక్స్ పండితుడికి ఉత్తరం రాసాడు. బీర్ ఎగిరి గంతేసి వచ్చాడు. అలా మొదలైంది 'సైబర్‌సిన్'. ఫ్యాక్టరీలనుంచి టెలెక్సులో రాజధాని శాంటియాగోకి లెక్కలు, వాటిని చూసే కంప్యూటరు, మధ్యలో ఆరు గోడల గది, ఏడు తిరిగే కుర్చీలు. సైన్సు ఫిక్షను సినిమా సెట్టులా ఉంటుంది ఫోటోల్లో. ఆ కుర్చీలకి కీబోర్డు లేదు, చేతుల దగ్గర పెద్ద పెద్ద బటన్లు. టైపు కొట్టడం సెక్రటరీల పని, పెద్ద మగ అధికార్లకి రాదు, చెయ్యరు అని వాళ్ళ లెక్క. ఒక వస్తువు ఎవరి చేతి కోసమో దాని ఆకారమే చెప్పేస్తుంది, చూసారా. ఆ బటన్లలో ఒక దేశపు ఆఫీసుల్లో ఆడా మగా తేడా మొత్తం ఉంది.

1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మె చేసి దేశాన్ని ఆపేసినప్పుడు అక్కరకొచ్చినవి ఆ కుర్చీలు కావు, టెలెక్సులు. ఎక్కడ ఏ సరుకుంది, ఏ రోడ్డు మూసేసారు అని మనుషులు మనుషులకి పంపుకున్న కబుర్లు. ఆ తర్వాత ఫ్లోరెస్ ఆర్థిక మంత్రి కూడా అయ్యాడు. 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్ర, అయ్యెందే మరణం. ఫ్లోరెస్‌ని పట్టుకుపోయారు. మూడేళ్ళు జైలు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పట్టుబట్టి విడిపిస్తే 1976లో భార్యాబిడ్డలతో అమెరికా చేరి, స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సైన్సు విభాగంలో పనికి కుదిరాడు. తర్వాత బర్క్‌లీలో పీహెచ్‌డీ. అక్కడే డ్రైఫస్, సెర్ల్. దిమ్మల ప్రపంచం కూలిపోయినవాడూ, దేశం కూలిపోయినవాడూ కలిసి రాసిన పుస్తకం అది.

పుస్తకం చెప్పేది సూటిగానే ఉంటుంది. కంప్యూటరు ఆలోచించే యంత్రం అన్న ఊహని పక్కన పెట్టండి, అది మనుషులు వాడే పనిముట్టు అనుకోండి. అప్పుడు డిజైను చేసేవాడు అడగాల్సిన ప్రశ్న, ఎక్కడ పని ఆగుతుంది? ఆగినప్పుడు మనిషికి ఏది కనపడుతుంది? వాళ్ళిచ్చిన ఉదాహరణ మనందరికీ రోజూ అనుభవమే. టైపు చేస్తున్నప్పుడు మాటలే ఉంటాయి. ఒక్క అక్షరం పడలేదనుకోండి, ఉన్నట్టుండి కీబోర్డు కనపడుతుంది, దాని కేబులు కనపడుతుంది, ఆపైన డ్రైవర్లూ గట్రా. ఏ పొరలో ఆగిందో మామూలు మనిషికి తెలిసేలా చెయ్యడమే డిజైను. ఇప్పుడు ఇది ప్రతి యూఎక్స్ వర్క్‌షాపులోనూ వినపడే మాటే కావచ్చు. 1986లో, ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ మోజు ఊపులో ఉన్నప్పుడు, అదీ ష్రడ్లు రాసినవాడి నోటినుంచి రావడం మామూలు విషయం కాదు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. ఫ్లోరెస్ దగ్గర ఇంకో ఆలోచన ఉంది, సెర్ల్, ఆస్టిన్ల దగ్గరనుంచి వచ్చింది. మాట్లాడటమంటే సమాచారం పంపడం మాత్రమే కాదు, ఒక పని చెయ్యడం. "రేపిస్తాను" అంటే అది వార్త కాదు, మాట ఇవ్వడం. ఆఫీసు అంటే ఇలాంటి అడగడాలూ, ఒప్పుకోవడాలూ, కాదనడాల అల్లిక. నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ నిజాన్ని తీసుకెళ్ళి సాఫ్ట్‌వేరు మెనూలో పెట్టారు. 1980లలో యాక్షన్ టెక్నాలజీస్ అనే కంపెనీ పెట్టి 'ద కోఆర్డినేటర్' అనే ఈమెయిల్ ప్రోగ్రాము అమ్మారు. ఏదైనా రాసేముందు అది ఏ రకం మాటో మెనూలో ఎంచుకోవాలి. అభ్యర్థనా? ప్రతిపాదనా? అవతలివాడు జవాబిచ్చేటప్పుడు ఒప్పుకుంటున్నాడా, కాదంటున్నాడా, వేరే షరతు పెడుతున్నాడా ఎంచుకోవాలి.

చాలామందికి ఒళ్ళుమండింది. ఎందుకో మన ఆఫీసులో ఒక్కరోజు ఊహించుకోండి. "చూద్దాం లెండి" అంటాం. "ట్రై చేస్తా సార్" అంటాం. అది ఒప్పుకోవడమా కాదనడమా? రెండూ కాదు, రెండూ. ఆ మసక ఉండబట్టే పని జరుగుతుంది, మొహాలు చెల్లుతాయి. కింది ఉద్యోగి మీద "అవునా, కాదా, తేల్చు" అని మెనూ పెట్టడం అంటే అది పైవాడి చేతికి కర్ర ఇవ్వడమే. లూసీ సుచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1990ల మొదట్లో సరిగ్గా ఈ మాటే అడిగింది, ఈ వర్గీకరణలు ఎవరు ఎవరిని అదుపులో పెట్టడానికని. వినోగ్రాడ్ జవాబు రాసాడు. పెద్ద సంస్థల్లో, ఒకరినొకరు చూడని మనుషుల మధ్య కొంత స్పష్టత లేకపోతే పని నడవదన్నాడు. అదీ అబద్ధం కాదు, రోజూ టికెట్లు మూసే నాకు తెలుసు. కానీ ఇద్దరిలో నేను సుచ్‌మన్ వైపే. ష్రడ్లులో దిమ్మలకి చేసిన పనినే కోఆర్డినేటర్ మాటలకి చేసింది. పని జరుగుతున్నంతసేపూ కంటికి ఆనని దాన్ని పట్టుకొచ్చి, గుణాల జాబితా చేసి, ఎర్రచుక్క పెట్టి, నింపితేగాని కదలవు అంది. హైడెగర్ని చదివిమరీ చేసారు ఆ పని!

'పెయిడ్', 'క్యాన్సిల్' బటన్లు పెట్టినవాడికి నవ్వే హక్కు లేదు, తెలుసు.

సుచ్‌మన్ అంతకుముందు చేసిన పని ఇంకా గొప్పది. జిరాక్స్ వాళ్ళ కొత్త కాపీయరు ఒకటి, పెద్ద ఆకుపచ్చ బటను, అది నొక్కితే చాలని ప్రకటనలు. కొన్నవాళ్ళేమో కష్టంగా ఉందని గొడవ. ఆవిడ జిరాక్స్ పార్క్‌లోనే ఆ మెషీను పెట్టి, జంటలుగా మనుషుల్ని తెచ్చి, కాపీలు తియ్యమని వీడియో తీసింది. అందులో ఒక వీడియోలో ఇద్దరు మగవాళ్ళు ఎంతకీ తెమల్చలేక తంటాలు పడుతుంటారు. వాళ్ళలో ఒకాయన ఆలన్ నెవెల్, కృత్రిమ మేధస్సు అనే రంగాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు! మనిషి ముందే ప్లాను వేసుకుని ప్లాను ప్రకారం నడుస్తాడని మెషీను లోపల రాసి ఉంది. మనిషేమో ఎదురుగా ఏది కనపడితే దాన్నిబట్టి నడుస్తున్నాడు. 1987లో వచ్చిన ఆవిడ పుస్తకంలో సుడిగుండాల్లో పడవ నడిపేవాడి పోలిక ఉంటుంది. గట్టు మీద కూర్చుని ఎన్ని ప్లాన్లైనా వేసుకోవచ్చు, నీళ్ళల్లో దిగాక ఆదుకునేది చేతి అలవాటే.

అదే పార్క్‌లో మార్క్ వైజర్ సుత్తిని ఇంకో వైపు తిప్పాడు. 1991 సెప్టెంబరు సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసంలో హైడెగర్ పేరు ఎత్తిమరీ, మంచి పనిముట్టు కనపడకుండా పోతుంది కాబట్టి కంప్యూటరు కూడా కనపడకుండా పోవాలన్నాడు. అంగుళమంతవి, అడుగంతవి, గజమంతవి చేసి గదినిండా పెట్టారు. నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి అక్కడే ఒక మోటారుకి ఎనిమిదడుగుల ప్లాస్టిక్ తీగ కట్టి సీలింగునుంచి వేలాడదీసి ఈథర్‌నెట్ కేబులుకి కలిపింది. నెట్‌వర్కు మీద రద్దీ ఎక్కువైతే తీగ గిరగిరా తిరుగుతుంది, తక్కువైతే ఉండుండి ఉలిక్కిపడుతుంది. డాష్‌బోర్డు లేదు, అలర్టు లేదు. ఇన్నేళ్ళయినా నాకు తెలిసిన మానిటరింగ్ టూల్స్‌లో అంతకంటే మర్యాదగలది లేదు.

వైజర్ 1999లో చనిపోయాడు, చిన్న వయసే. ఆయన కోరిక ఒకరకంగా తీరింది. జేబులో ఫోను చేతిలోకి ఎప్పుడొచ్చిందో మనకి తెలీదు, అంతలా కనపడకుండా పోయింది. కానీ అమ్మ చేతిలో కత్తిపీట మాయమైతే మిగిలేది అమ్మ చేస్తున్న కూర. నా చేతిలో ఫోను మాయమైతే మిగిలేది నేను మొదలెట్టిన పని కాదు, ఇంకెవరో నాకోసం పేర్చిపెట్టిన రీల్సు. గంట పోయాక ఎందుకు ఫోను తీసానో గుర్తుండదు. హైడెగర్ అల్లికలో చివర ఒక మనిషి ఉన్నాడు, వానలో తడవకూడనివాడు. వైజర్‌ని చదివి కనపడకపోవడం ఒక్కటే పట్టుకున్నవాళ్ళు ఆ చివరి మనిషి ఎవరు అన్న ప్రశ్న వదిలేసారని నా అనుమానం. ఆస్పత్రి స్క్రీనులో చివరి మనిషి ఎవరని నన్నడిగితే నిజాయితీగా 'రిపోర్టు చూసే ఆయన' అనే చెప్పాలి. కౌంటరావిడా కాదు, ఉప్పెన పెద్దమ్మా కాదు.

లాగ్స్‌తోపాటు రెండు పేజీల ఉత్తరం కూడా పంపాను. క్యాన్సిల్ అయిన ప్రతి పేరూ సాయంత్రానికో మర్నాటికో మళ్ళీ ఎలా రిజిస్టరయిందో టేబుల్ వేసి చూపించాను. పేర్ల స్పెల్లింగు ఒక్కోసారి ఒక్కోలా ఉంది, చేత్తో సరిచూడ్డానికి రెండ్రాత్రులు పట్టింది. పన్నెండు తేలలేదు. ఆవిణ్ణి ఫోన్లో అడిగితే పుస్తకం తీసి చదివింది. పదకొండు దొరికాయి. పన్నెండోది, "ఆయన పోయాడు బాబూ, ఆ డబ్బులు నేనడగలేదు" అంది.

'తర్వాత కడతారు' అనే స్టేటస్ చేర్చమనీ, పుట్టిన తేదీ బదులు 'సుమారు వయసు' ఇవ్వచ్చనీ ఛేంజ్ రిక్వెస్టు పెట్టాను. అనుమానం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సారీ కూడా ఎవరూ చెప్పలేదు, ఆవిడకి అసలు తెలీదు కాబట్టి అదీ ఒకందుకు మంచిదే. వయసు మార్పు వెళ్ళిపోయింది. స్టేటస్ మార్పుకి మాత్రం ఆడిటువాళ్ళు ఒప్పుకోవాలట, 'తర్వాత' అంటే ఎన్ని గంటల్లోపో డెఫినిషన్ కావాలన్నారు. ఆవిణ్ణి అడిగాను. "వచ్చినప్పుడు బాబూ" అంది. ఆ జవాబుని ఫీల్డు ఎలా చెయ్యాలో ఆలోచిస్తున్నాను.